గుండె ఆపరేషన్ తర్వాతి రంది: హనుమకొండ పునరావాస కేంద్రంలో పన్నెండు వారాలు

2025 ఆగస్టులో హైదరాబాద్‌లో నాకు గుండెలో ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ (కవాటం) మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఆ దీపావళి తర్వాత మొదలుపెట్టి జనవరి చివరి వరకు హనుమకొండలోని ఒక ప్రైవేటు గుండె పునరావాస కేంద్రానికి వెళ్లి వచ్చాను. ఎకో రిపోర్టు ప్రకారం కొత్త వాల్వ్ చక్కగా పనిచేస్తున్నది, కుట్లు మానాయి, చూడవచ్చినవారందరూ మొహం తేటపడిందని అంటున్నారు. అయినా పొద్దున లేవాలంటే ఎందుకు లేవాలో తోచని స్థితిలో ఆ కేంద్రం మెట్లెక్కాను. అక్కడ దొరికిన సేవ ఎలాంటిదో, ఎక్కడ మేలు చేసిందో, ఎక్కడ విసిగించిందో ఇక్కడ రాస్తున్నాను. పేరు మాత్రం రాయడం లేదు. ఐదారుగురు సిబ్బందితో నడిచే చిన్న సంస్థ అది. మెచ్చుకోవలసినవాటితో పాటు ఆక్షేపించవలసినవీ ఉన్నాయి కాబట్టి, ఎవరిని ఏమన్నానో ఊరంతా పోల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

నాకు 47 ఏళ్లు. పరకాల దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గిన కొద్ది రోజులకు కీళ్లు వాచి, జ్వరం పట్టుకుంది. అదే రుమాటిక్ జ్వరం. గొంతులో చేరిన స్ట్రెప్టోకోకస్ క్రిమిని ఎదుర్కొనే క్రమంలో శరీరం తన గుండె వాల్వ్‌లనే దెబ్బతీసుకునే జబ్బు అది. 21 రోజులకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకోమన్నారు. మా బాపు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయి తప్పకుండా వేయించేవాడు. పెళ్లయ్యాక, బాగానే ఉన్నాను కదా అని నేనే మానేశాను. 2009లో సన్నబడిన వాల్వ్‌ను బెలూన్‌తో వెడల్పు చేశారు. పదహారేళ్లకు అది కూడా చాలక మార్చవలసి వచ్చింది. నా వయసుకు జంతు కణజాలంతో చేసిన వాల్వ్ వేస్తే పది పదిహేనేళ్లకు మళ్లీ ఛాతీ తెరవవలసి రావచ్చునని చెప్పి, జీవితాంతం రక్తం పలచబడే మందు వాడే షరతు మీద మెకానికల్ వాల్వ్ పెట్టారు. ఆ సూది మానేసిన సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నెలల తరబడి రాత్రిళ్లు నన్ను తినేసిన ఆలోచనల్లో సగం దాని చుట్టూ తిరిగినవే.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు రెండు పేజీల సూచనల కాగితం ఇచ్చారు. రక్తం పలచబడే ఆ మందు, వార్ఫరిన్, ఏ వేళకు వేసుకోవాలి, రక్తం ఎంత సేపటికి గడ్డకడుతున్నదో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలి, ఎదురురొమ్ము ఎముక అతుక్కునేదాకా బిందె ఎత్తకూడదు, స్కూటీ నడపకూడదు, దగ్గేటప్పుడు దిండును ఛాతీకి అదుముకోవాలి, మూడు బంతుల గొట్టంతో గంటకొకసారి ఊపిరి పీల్చాలి అని అన్నీ వివరంగా ఉన్నాయి. పరీక్ష పేపరు దిద్దే అలవాటున్న మనిషిని కనుక ప్రతి వాక్యం కింద గీత గీసుకుని చదివాను. మూడో వారంలో కారణం లేకుండా ఏడుపు వస్తుందని, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదని, ఇలాంటివి గుండె ఆపరేషన్ తర్వాత చాలామందికి వస్తాయని, వస్తే ఫలానావారితో చెప్పాలని అందులో ఒక్క మాట కూడా లేదు. ఒక వేళ ఉండి ఉంటే, ఏడుపు వచ్చిన రోజు నేను సర్జన్ చేతిలో ఏదో పొరపాటు జరిగిందని కాక, కాగితంలో నాలుగో పేరా మొదలైందని అనుకుని ఉండేదాన్ని.

మెకానికల్ వాల్వ్ మూసుకున్నప్పుడల్లా సన్నటి టక్కుమనే చప్పుడు చేస్తుంది. పగలు తెలియదు. రాత్రి ఫ్యాన్ ఆపి, ఎడమ పక్కకు తిరిగి, చెవి దిండుకు ఆనించి పడుకుంటే నిమిషానికి ఎనభై సార్లు వినబడుతుంది. మా అబ్బాయి నవ్వుతూ, ‘మమ్మీ, నువ్వు వాచీ మింగినట్టున్నవ్’ అన్నాడు. వాడు ముచ్చటకే అన్నాడు, నేను ఆ రాత్రి నుంచి ఆ చప్పుడు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక టక్కుకూ ఇంకో టక్కుకూ మధ్య కాస్త ఎడం వచ్చినట్టనిపిస్తే చేతులు చల్లబడేవి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కొన్నాను, తర్వాత బీపీ మిషన్ కొన్నాను. ఒక రోజు లెక్క చూసుకుంటే పొద్దున్నుంచి రాత్రి దాకా నలభై మూడు సార్లు నాడి చూసుకున్నాను. నాడి చూసుకుంటే ధైర్యం వచ్చే మాట నిజమే, కానీ ఆ ధైర్యం పావుగంట కూడా నిలిచేది కాదు.

సద్దుల బతుకమ్మ నాటికి ఆపరేషన్ అయి ఆరు వారాలు నిండాయి. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చప్పట్లు కొడితే ఛాతీ నొస్తుందని చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాను. ప్రతి ఏడూ తంగేడు పూల వరుస పేర్చేది నేనే; ఆ ఏడు మా ఆడబిడ్డ పేర్చింది. బతుకమ్మను ఎత్తుకుని చెరువుకు కదులుతుంటే అందరి కళ్లూ నా వైపు తిరిగాయి, నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. మా అవ్వ తలుపు అవతల నిలబడి, ‘బిడ్డా, గింత రంది వెట్టుకుంటె పానం ఎట్ల నిలుస్తది, దేవుడు పెద్దజేసిండు, నిమ్మలంగుండు’ అన్నది. రంది అన్న మాట ఆ రోజు విన్నప్పుడు నాకు దాని అర్థం దిగులు కన్నా లోతుగా తోచింది. దిగులు వచ్చి పోతుంది, రంది లోపల కూర్చుని తొలుస్తుంది.

కేంద్రానికి వెళ్లక ముందు ఒక మాట చెప్పాలి. దసరా తర్వాత ఒక రాత్రి రెండు గంటలకు గుండె దడదడలాడి, ఊపిరి అందక, చెమటలు పట్టి, ఇక అయిపోయిందనుకున్నాను. మా ఆయన ఆటో పిలిచి స్థానికంగా ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఈసీజీ తీసి ఏమీ లేదన్నారు. ‘ఏమీ లేదు’ అని చెప్పి పంపించడం డాక్టర్లకు శుభవార్త, రోగికి మాత్రం అది సగం తెరిచి వదిలేసిన తలుపు. రెండు రోజులకు మళ్లీ అదే వేళకు అదే దడ వచ్చినప్పుడు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేశాను. స్కూల్లో గోడకు అతికించిన కాగితం వల్ల ఆ నంబరు గుర్తుంది. ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆవల ఉన్న అమ్మాయి ముందు ఛాతీ నొప్పి గురించి, చేయి కాలు బలహీనత గురించి అడిగి, అవి లేవని నిర్ధారించుకున్నాక, నాతో పాటు ఊపిరి లెక్కపెట్టింది. నాలుగు అంకెలకు లోపలికి, ఆరు అంకెలకు బయటికి. పావుగంటలో దడ తగ్గింది. దగ్గరలో మానసిక వైద్యం దొరికే చోటుకు తప్పకుండా వెళ్లమని గట్టిగా చెప్పింది. ఆ ఫోన్ వల్లనే నేను వెతకడం మొదలుపెట్టాను.

కేంద్రం రెండో అంతస్తులో ఉంది. గుండె ఆపరేషన్ అయినవారి కోసం పెట్టిన చోటుకు లిఫ్టు సగం రోజులు పనిచేయకపోవడం ఏ రకమైన వైద్యమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మొదటి రోజు ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి ఎక్కి, పైకి చేరేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు గదిలో కూర్చున్న అమ్మాయి రిజిస్టరు చూసుకుని, ‘డిప్రెషన్ పేషెంట్ ఎవరండీ?’ అని పది మంది ముందు పిలిచింది. అందులో ఇద్దరు మా ఊరివాళ్లు. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. మళ్లీ ఆ మెట్లు దిగే ఓపిక లేక కూర్చున్నాను. ఆ తర్వాత ఈ సంగతి కౌన్సెలర్‌తో చెప్పాను, పై వారం నుంచి టోకెన్ నంబర్లతో పిలవడం మొదలుపెట్టారు. చెప్పగానే మార్చుకున్నారు, అది వారి గుణం. చెప్పేదాకా తెలియకపోవడం మాత్రం వారి లోపమే.

లోపలికి వెళ్లాక జరిగినది వేరు. నాకు ‘ఇది మానసికం’ అని ముద్ర వేయడానికి వారు తొందరపడలేదు. ముందు ఈసీజీ తీశారు, రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఐఎన్‌ఆర్ పరీక్షలు రాశారు. ఆపరేషన్‌లో రక్తం పోయాక హిమోగ్లోబిన్ తక్కువైతే నీరసం వస్తుంది, థైరాయిడ్ తగ్గినా మనసు మందగిస్తుంది, వాల్వ్ జబ్బు పాతది అయినవారికి గుండె లయ తప్పడం మామూలే కనుక ప్రతి దడనూ ఆందోళన ఖాతాలో రాసేయకూడదు అని డాక్టరు వివరించారు. నా హిమోగ్లోబిన్ 9.4 ఉంది. దానికి వేరే మందు ఇచ్చారు. నేను ఈ సమీక్షలో ఎక్కువ మార్కులు వేసేది దీనికే: శరీరాన్ని శుభ్రంగా చూసిన తర్వాతనే మనసు వైపు తిరిగారు. అప్పుడు వారు ఏమి చెప్పినా నమ్మబుద్ధయింది.

తర్వాత రెండు ప్రశ్నపత్రాలు ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 అనే దానిలో కుంగుబాటు గురించి తొమ్మిది ప్రశ్నలు, జీఏడీ-7 అనే దానిలో ఆందోళన గురించి ఏడు ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎన్ని రోజులు ఉన్నదో చూసి సున్నా నుంచి మూడు దాకా మార్కు వేయాలి. మొదటిది 27కు, రెండోది 21కి. రెండింటిలోనూ 10 గాని అంతకు మించి గాని వస్తే జాగ్రత్తగా చూడవలసిన స్థితి అని లెక్క. తెలుగులో అచ్చు వేసిన కాగితమే, కాని ఆ తెలుగు చూస్తే నాకు పాఠ్యపుస్తకం గుర్తొచ్చింది: ‘నిస్పృహ, నిస్సహాయత కలిగినట్లు భావించుట.’ నా పక్కన కూర్చున్న నర్సంపేట వైపు పత్తి రైతు ఒకాయన అన్నిటికీ సున్నా పెట్టి ఇచ్చేశాడు. కౌన్సెలర్ ఆ కాగితం పక్కన పెట్టి ఆయనను మళ్లీ అడిగింది: ‘పెద్దాయనా, రంది అనిపిస్తాందా? రాత్రి నిమ్మలంగ నిద్ర వడ్తాందా? పనికి పోవాల్నంటె బుగులు అయితాందా?’ ఆయన కాసేపు నేల చూసి, ‘అయితాంది బిడ్డా, రోజూ అయితాంది’ అన్నాడు. ఆ సున్నాలన్నీ మారిపోయాయి. ఎంత మంచి పరీక్ష అయినా అడిగే మాట మనది కాకపోతే జవాబూ మనది కాదని కళ్లారా చూశాను.

నా స్కోరు 17, 15 వచ్చింది. కౌన్సెలర్ అక్కడితో ఆగలేదు. ఆకలి లేకపోవడం, నిద్ర చెడడం, అలసట అనే మూడు ప్రశ్నలకు ఆపరేషన్ అయినవారెవరైనా మార్కులు వేస్తారు కాబట్టి, వాటిని విడిగా పెట్టి మిగతావి చూద్దామన్నది. మిగతావి చూసినా తక్కువేమీ లేవు. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించినది. దానికి నేను ఒకటి వేశాను. ఆమె పెన్ను బల్ల మీద పెట్టి, నా కళ్లలోకి చూసి, ఎప్పుడు అనిపిస్తుంది, ఏమి చేయాలని అనిపిస్తుంది అని సూటిగా, గొంతు మార్చకుండా అడిగింది. చేసుకోవాలని లేదు, పొద్దున లేవకపోతే బాగుండునని ఉంటుందని చెప్పాను. నా అనుమతి అడిగి మా ఆయనను లోపలికి పిలిచింది, మందుల డబ్బా ఆయన దగ్గర ఉంచమన్నది, అదే వారంలో మానసిక వైద్యుడిని చూపించింది. ఆ మాట నోటితో పైకి చెప్పిన రోజున, ఆగస్టు తర్వాత మొదటిసారి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను.

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడం అనుకునేదాన్ని. ధైర్యం చెప్పేవారికి మా ఇంట్లో కొరత లేదు. ఇక్కడ ఇచ్చింది హోంవర్కు. మొదటిది, నాడి చూసుకోవడం రోజుకు రెండు సార్లే, పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి. మధ్యలో చూడాలనిపిస్తే చూడకుండా, ఎంత బలంగా అనిపించిందో పదికి ఇన్ని మార్కులని వేళతో సహా నోటుబుక్కులో రాయాలి. మొదటి వారం ప్రతి మార్కూ తొమ్మిది. మూడో వారానికి, రాసి పది నిమిషాలు ఆగితే అది నాలుగుకు దిగుతున్నదని నా లెక్కలే నాకు చూపించాయి. రెండోది మరీ కష్టం. ఆ చప్పుడును ఫ్యాన్‌తో, టీవీతో కప్పిపుచ్చకుండా రోజూ పది నిమిషాలు చీకట్లో పడుకుని వినాలి. ‘మీరు దాని నుంచి పారిపోతున్నంత కాలం అది మీ వెంట పడుతుంది, మేడం. ఒకసారి ఆగి చూడండి’ అన్నది. ఆ చప్పుడు ఉన్నట్టుండి మందగించినా, వినబడకపోయినా అప్పుడు భయపడాలి, వెంటనే ఆసుపత్రికి రావాలి, ఎందుకంటే వాల్వ్ మీద రక్తం గడ్డ కడితే అలా జరగవచ్చునని డాక్టరు చెప్పారు. అంటే నేను నెలల తరబడి తిట్టుకున్న ఆ టక్కు టక్కు, వాల్వ్ ఆడుతున్నదని చెప్పే మాట అన్నమాట. ఈ ఒక్క సంగతి ఆగస్టులో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఏది ఆందోళన, ఏది ప్రమాదం అని తేల్చుకునే విషయంలో వారు స్పష్టంగా ఉన్నారు. జ్వరం రెండు రోజులకు మించితే, పడుకుంటే ఊపిరి ఆడకపోతే, మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చేయి బలం తగ్గినా, మలం నల్లగా వచ్చినా, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం ఆగకపోయినా ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. వీటిని పెద్ద అక్షరాలతో రాయించి మా ఫ్రిజ్ మీద అంటించారు. ఆ కాగితం ఎదురుగా ఉన్నాక, అందులో లేని దడ వచ్చినప్పుడు నాకు నేనే చదివి వినిపించుకోగలిగాను.

నడక గురించి తక్కువే చెబుతాను. మొదటి రోజు ఆరు నిమిషాల నడక పరీక్షలో 290 మీటర్లు నడిచాను, చివరి రోజు 435. వారానికి రెండు రోజులు ఈసీజీ తీగలు అంటించి ట్రెడ్‌మిల్ మీద నడిపించేవారు. తెర మీద నా గుండె 110 దాటి మళ్లీ 84కు దిగడం చూశాక, గుండె వేగంగా కొట్టుకుంటే ఆగిపోతుందన్న భయం మీద నాకున్న నమ్మకం సడలింది. ఫిజియోథెరపీ చేయించే తమ్ముడు ఓపికమంతుడు. ‘అక్కా, ఇంకొక్క నిమిషం, వడ్డేపల్లి చెరువు కట్ట మీద తిరుగుతున్నమనుకో’ అని అనేవాడు. తర్వాత నిజంగానే ఆ కట్ట మీద నడిచాను.

శనివారాలు ఆపరేషన్ అయినవారిని నలుగురైదుగురిని కలిపి కూర్చోబెట్టేవారు. ఇలాంటివి నాకు మొదటి నుంచి పడవు, అయినా ఆ పత్తి రైతు కోసం వెళ్లేదాన్ని. ఆయనకు కణజాలపు వాల్వ్ వేశారు, అది చప్పుడు చేయదు. ఒక రోజు నా పక్కన కూర్చుని, చెవి కొంచెం దగ్గరికి తెచ్చి, ‘టీచరమ్మా, నీది సప్పుడు జేస్తది, ఆడుతాందని నీకు ఎరుక. నాది సప్పుడే జెయ్యది. ఆడుతాందో ఆగిందో అని రాత్రి మొత్తం నాకు రంది’ అన్నాడు. గదిలో అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. కుట్ల దగ్గర నొప్పి పుట్టే దాకా నవ్వడం నాకు ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి.

మందుల విషయానికి వస్తే, మానసిక వైద్యుడు కుంగుబాటుకూ ఆందోళనకూ వాడే సెర్ట్రలిన్ రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 50 చేశారు. గుండె జబ్బు ఉన్నవారికి ఎక్కువగా వాడేది ఇదేనని, అయితే వార్ఫరిన్‌తో కలిసినప్పుడు రక్తస్రావం అవకాశం కొంత పెరుగుతుందని, అందుకని వారంలో ఐఎన్‌ఆర్ మళ్లీ చూడాలని రాసి ఇచ్చారు. మైట్రల్ స్థానంలో మెకానికల్ వాల్వ్ ఉన్నవారికి ఐఎన్‌ఆర్ 2.5కూ 3.5కూ మధ్య ఉండాలి. నాది 2.8 నుంచి 3.6కు వెళ్లింది, వార్ఫరిన్ మోతాదు కొద్దిగా తగ్గించారు. మొదటి పది రోజులు కడుపులో తిప్పింది, ఆందోళన తగ్గకపోగా పెరిగినట్టనిపించింది. అలా ఉంటుందని ముందే చెప్పారు కనుక మానేయలేదు. నాలుగో వారంలో ఒక పొద్దున చాయ్ రుచిగా ఉందని తెలిసింది. మందు పనిచేయడం అంటే నాకు తెలిసినంతలో అదే. గుండె డాక్టరుకు తెలియకుండా ఈ మందులు మొదలుపెట్టడం, బాగున్నాం కదా అని ఉన్నట్టుండి ఆపేయడం రెండూ తగవు. పెన్సిలిన్ సూది విషయంలో నేను చేసింది ఆ రెండోదే.

ఇక నన్ను విసిగించినవి. కౌన్సెలింగ్ గదికి ప్లైవుడ్ గోడ. అవతల ట్రెడ్‌మిల్ మీద నడిచేవారికి లోపలి ఏడుపు వినబడుతుంది. వినబడుతుందని నాకు ఎలా తెలుసంటే, నడుస్తున్నప్పుడు నేను విన్నాను. మానసిక వైద్యుడు నెలకు రెండు శనివారాలే వస్తారు, మిగతా రోజుల్లో వీడియో కాల్, అదీ నెట్ బాగుంటే. కుటుంబ సభ్యులకు పన్నెండు వారాల్లో ఒకే ఒక్క సెషన్ పెట్టారు; మా ఆయన తన భయాన్ని ఎవరికీ చెప్పుకోలేక ఆ నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు, ఆయనకు ఇంకో రెండు సెషన్లు అవసరమని కౌన్సెలరే ఒప్పుకుంది. మధ్యలో జలుబు వల్ల నేను రెండు వారాలు మానితే నా చివరి సెషన్ మేడారం జాతర వారంలో పడింది. ఆ రోజుల్లో బస్సులన్నీ జాతర దారి పడతాయని తెలిసి కూడా దొరికినదేదో పట్టుకుని వెళ్తే తాళం వేసి ఉంది. ఒక్క ఫోన్ చేయలేదు. పరకాల నుంచి బస్సులో గంట సేపు దిండును ఛాతీకి అదుముకుని వెళ్లే మనిషికి ఒక్క ఫోన్ విలువ వారికి తెలియవలసింది.

అన్నిటికన్నా కోపం తెప్పించింది కౌంటరు దగ్గర అమ్మే ‘హృదయ బలం’ పొడి లాంటి ఒక డబ్బా. రెండో వారం నా చేతిలోనూ ఒకటి పెట్టారు, ధర 850. డబ్బా వెనక్కి తిప్పి చదివితే అందులో మునగాకు, పాలకూర పొడులు ఉన్నాయి. విటమిన్ కె ఎక్కువగా ఉండే ఆకులవి, వార్ఫరిన్‌కు ఎదురు పనిచేస్తాయి. ఆకుకూరలు మానవద్దు, ఏ వారమైనా ఒకే మోతాదులో తినండి, ఒక రోజు కుండెడు గోంగూర తిని నాలుగు రోజులు మానితే ఐఎన్‌ఆర్ నిలవదు అని లోపలి గదిలో ఆహార నిపుణురాలు చెబుతుంటే, బయటి గదిలో ఎవరికి ఎంత మోతాదో తెలియని ఆకు పొడి అమ్ముతున్నారు. డాక్టరుకు చూపించాను. ఆయనకు తెలియదట. వార్ఫరిన్ వాడేవారికి ఇవ్వకూడదని ఆ తర్వాత ఒక చీటీ అంటించారు, డబ్బాలు మాత్రం అక్కడే ఉన్నాయి.

పన్నెండు వారాలకు 18,000 రూపాయలు ముందుగానే కట్టించుకున్నారు. ఇరవై నాలుగు వ్యాయామ సెషన్లు, పన్నెండు కౌన్సెలింగ్‌లు అందులో వస్తాయి. మానసిక వైద్యుడి ఫీజు, మందులు, పరీక్షలు వేరు. ఉద్యోగం ఉన్న నాకే అది బరువు. రైతుకు ఆయన కొడుకు రెండు విడతల్లో కట్టాడు. ఆపరేషన్‌ ఖర్చును ఆరోగ్యశ్రీ భరించిన ఇళ్లలో కూడా ఈ ఖర్చు చేతి నుంచే పోతుంది. అంత పెట్టుకోలేనివారికి ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది, 14416 ఉంది; నడకను చెరువు కట్ట మీద, మీ గుండె డాక్టరు చెప్పిన మోతాదులో మొదలుపెట్టవచ్చు. ఏ కేంద్రంలో చేరినా డబ్బు కట్టక ముందు మానసిక వైద్యుడు వారానికి ఎన్ని రోజులు ఉంటాడో, గుండె డాక్టరుతో ఆయన నేరుగా మాట్లాడతాడో లేదో, లిఫ్టు పనిచేస్తుందో లేదో అడగండి. ఐదుకు నేను ఈ కేంద్రానికి నాలుగు వేస్తాను. అందులో రెండు ఆ కౌన్సెలర్‌కే.

చివరి ప్రశ్నపత్రంలో నా స్కోర్లు 6, 5. సెర్ట్రలిన్ ఇంకా వేసుకుంటున్నాను, ఇంకొన్ని నెలలు వేసుకోమన్నారు. సూది మానేసిన సంగతి ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రి లేచి వస్తుంది. నోటుబుక్కులో వేళ రాసి, మార్కు వేసి, మళ్లీ పడుకుంటున్నాను. ఫిబ్రవరిలో స్కూలుకు తిరిగి వెళ్లాను. మొదటి వారమే పదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టాను. గదిలో పెన్నుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి రాయడం ఆపి, తలెత్తి గోడ వైపు చూసి, నా వైపు చూసింది.

‘టీచర్, గోడ గడియారం ఆగిపోయింది గదా, ఈ సప్పుడు ఎక్కడిది?’

‘నాదే. నువ్వు మూడో లెక్క పూర్తి చెయ్యి’ అన్నాను.